నేల రాసింది... నింగి చదివింది!

పక్కపక్కనే రెండు పొలాలు. మధ్యలో గట్టొక్కటే అడ్డం. ఒకాయన బోరులో తియ్యటి నీళ్లు. రెండో ఆయన అదే లోతుకి వేయిస్తే నోట పెట్టలేనంత ఉప్పు. నీళ్లు చూసేవాళ్లని పిలిపించాడు. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని పొలమంతా తిరిగి వాళ్లు చూపించిన చోట ఇంకో బోరు వేయించాడు. మళ్లీ అప్పు... మళ్లీ ఉప్పు! ‘వాడి అదృష్టం, నా ఖర్మ’ అని సరిపెట్టుకున్నాడు.

కృష్ణా, గోదావరి డెల్టాల్లో సముద్రానికి దగ్గరగా ఉండే పల్లెలకు ఇలాంటి కథలు కొత్తేం కాదు. నిజానికి ఇందులో అదృష్టం పాత్ర తక్కువే. ఎప్పుడో వందల వేల ఏళ్ల కిందట నది ఎటు పారింది, ఎక్కడ ఇసుక పోసింది, ఎక్కడ బంకమన్ను వదిలింది... అసలు కారణాలన్నీ అక్కడున్నాయి. ఆ గుర్తులు నేలమీద నిలబడి చూస్తే కనిపించవు. వందల కిలోమీటర్ల పైనుంచి చూస్తే మాత్రం గీత గీసినట్టు కనిపిస్తాయి. ఆ చూపు పేరే రిమోట్ సెన్సింగ్!

ఏరు పక్క మార్చుకుంటే...

నదికి ఒకటే దారి ఉంటుందనుకుంటాం. కొండల మధ్య ఉన్నంతసేపే అది నిజం. పాపికొండలు దాటొచ్చిన గోదావరినే చూడండి. చదును నేలకు రాగానే ఒరవడి తగ్గుతుంది. మోసుకొచ్చిన మట్టిని దించేస్తుంది. వరద గట్టు పొర్లినప్పుడు బరువైన ఇసుక ఒడ్డు పక్కనే పడిపోతుంది. సన్నటి ఒండ్రు, బంకమన్ను నీటితోపాటు దూరంగా వెళ్లి పల్లంలో పేరుకుంటాయి. అందుకే ఏటి ఒడ్డున మెరక, దాని వెనక పల్లం. మన పెద్దలు ఊళ్లను మెరకమీద కట్టుకుని పల్లాన్ని వరికి వదిలేసింది ఇది తెలిసే.

కొన్నాళ్లకు ఏరు ఆ దారీ వదిలేసి ఇంకోవైపు ఒరుగుతుంది. పాత పాయ పూడిపోతుంది. దానిమీద దుక్కి దున్ని, పంటలేసి, ఇళ్లు కట్టుకున్నాక అక్కడో ఏరు పారిందన్న సంగతి మూడు తరాలకే మరుగున పడుతుంది. కానీ లోపల ఇసుక అలాగే ఉంటుంది. ఆ రేణువుల సందుల్లో వాననీరు, వరదనీరు ఇంకి నిల్వ ఉంటుంది. మొదటి రైతు బోరు పడింది అలాంటి పూడిన పాయమీద. రెండో ఆయనది బంకమన్ను పొరలో, ఎప్పటిదో ఉప్పునీరు చిక్కుకుపోయిన చోట.

డెల్టాలో సముద్రం కూడా తన వంతు రాత రాసింది. నది తెచ్చిన ఇసుకను అలలు తీరం వెంబడి దిబ్బలుగా పేర్చాయి. నేల ముందుకు జరిగినకొద్దీ ఒక దిబ్బ ముందు మరో దిబ్బ. ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు ఉపగ్రహ చిత్రాల్లో ఈ వరసల్ని గుర్తించి, వేల ఏళ్ల కిందట తీరరేఖ ఎక్కడుండేదో గీశారు. ఒకప్పుడది కొల్లేరు దాపుల్లో ఉండేది! ఇవాళ ఆ దిబ్బల మీద ఊళ్లు, తోటలు. దిబ్బకూ దిబ్బకూ మధ్య పల్లంలో వరి. పైనుంచి చూస్తే సముద్రం వెనక్కి వెళ్తూ వేసిన చారల్లా ఉంటాయి.

కొబ్బరిచెట్టు చెప్పిన పాఠం

మన దేశంలో ఈ శాస్త్రానికి తొలి పాఠం చెప్పింది ఓ కొబ్బరితోట. 1970 ప్రాంతం. కేరళలో వేరు తెగులు కొబ్బరిని పట్టి పీడిస్తోంది. వాతావరణ శాస్త్రవేత్త పిషరోత్ రామ పిషరోటి బృందం హెలికాప్టరులో తోటలమీద ఎగురుతూ, పరారుణ కాంతిని పట్టే ఫిల్ముతో ఫొటోలు తీసింది. కంటికి పచ్చగా, ఆరోగ్యంగా కనిపిస్తున్న చెట్లలోనూ రోగం సోకినవి ఫొటోల్లో వేరే రంగులో బయటపడ్డాయి. చెట్టు చూపించలేని జబ్బును కాంతి చూపించింది! భారతీయ రిమోట్ సెన్సింగ్ పితామహుడిగా పిషరోటికి పేరొచ్చింది.

1974లో హైదరాబాద్ కేంద్రంగా జాతీయ రిమోట్ సెన్సింగ్ సంస్థ ఏర్పడింది. మొదట్లో అమెరికా ల్యాండ్‌శాట్ ఉపగ్రహాల చిత్రాలే ఆధారం. 1988 మార్చి 17న మన సొంత ఉపగ్రహం ఐఆర్‌ఎస్-1ఏ నింగికెగిరింది. 2008లో ఆ సంస్థే ఇస్రో కేంద్రంగా మారి ఎన్‌ఆర్‌ఎస్‌సీ అయింది. మన ఉపగ్రహాలు పంపే సంకేతాలను అందుకునే పెద్దపెద్ద యాంటెన్నాలు షాద్‌నగర్‌లో ఉన్నాయి.

రంగుల భాష ఇదీ!

సూర్యకాంతి నేలమీద పడి తిరిగి పైకి వెళ్తుంది. ఏ వస్తువు ఎంత వెలుగును తిప్పికొడుతుందో దాన్నిబట్టి అదేంటో చెప్పొచ్చు. నిజానికి ఇది మనకి తెలియని విద్యేం కాదు. ఆరిన దుక్కి తెల్లబడి, తడిసిన దుక్కి నల్లబడి కనిపిస్తే రైతు దూరం నుంచే పదును చెప్పేస్తాడు. ఉపగ్రహం చేసేదీ అదే. కాకపోతే మన కంటికి అందని కాంతిని కూడా చదువుతుంది.

పచ్చటి ఆకు మన కంటికి కనపడని పరారుణ కాంతిని బాగా వెనక్కి పంపుతుంది. ఆ కాంతికి చిత్రంలో ఎరుపు రంగు కేటాయిస్తారు. అందుకే ఉపగ్రహ చిత్రాల్లో కోనసీమ ఎర్రగా మెరిసిపోతుంది. నీరు ఆ కాంతిని దాదాపు మింగేస్తుంది. కాబట్టి తేటనీరు నల్లగా ఉంటుంది. బురదనీరు లేత నీలంగా, ఇసుక తిన్నెలు తెల్లగా కనిపిస్తాయి. వేడిని కొలిచే పరికరాలుంటే మరో సంగతీ తెలుస్తుంది. తడి ఉన్న చేను పగటిపూట చల్లగా, ఎండిన చేను వేడిగా ఉంటుంది. తడి గుడ్డ చుట్టిన కూజా చల్లగా ఉండటం లాంటిదే ఇదీ.

ఇలా ఒక్కో రంగునూ కలిపి చదివితే ఎక్కడ ఇసుకనేల, ఎక్కడ ఒండ్రు, ఎక్కడ నీరు నిలిచే పల్లం అన్నది పటంగా తయారవుతుంది. పూడిపోయిన పాయ ఎండాకాలంలో దొరికిపోతుంది. చుట్టుపక్కల చేలన్నీ ఎండిపోయినా, లోపలి తేమ వల్ల అక్కడి చెట్టూచేమా పచ్చగా ఉంటాయి. మెలికలు తిరిగిన ఆ పచ్చటి చార... నది వదిలెళ్లిన అడుగుజాడే!

మబ్బుల చాటున

ఇక్కడో చిక్కుంది. వరద వచ్చేది మబ్బు పట్టినప్పుడే. మామూలు కెమెరాకి మబ్బు అడ్డం. సరిగ్గా అవసరమైన రోజునే కన్ను మూతపడుతుంది. దీనికి విరుగుడు రాడార్ ఉపగ్రహం. ఇది సూర్యకాంతి కోసం చూడదు. తానే మైక్రోతరంగాలను నేలమీదకు పంపి, తిరిగొచ్చిన వాటిని లెక్కేస్తుంది. రాత్రయినా, మబ్బయినా ఒక్కటే.

నిశ్చలమైన నీరు ఈ తరంగాలకు అద్దంలాంటిది. ఏటవాలుగా వచ్చిన తరంగాన్ని అవతలి వైపు తోసేస్తుంది. వెనక్కి ఏమీ రాదు కాబట్టి చిత్రంలో నీరు కారునలుపు. ఎగుడుదిగుడు నేల తరంగాలను నాలుగు వైపులా చెదరగొడుతుంది. వాటిలో కొన్ని వెనక్కి వస్తాయి కాబట్టి అది బూడిదరంగు. ఇళ్ల గోడలు మరింత తెల్లగా మెరుస్తాయి.

మట్టిలో తేమను పట్టిచ్చేదీ రాడారే. దీని వెనక ఉన్న సూత్రం రోధక స్థిరాంకం. పొడిమట్టికి అది 3 నుంచి 5 మధ్య ఉంటే నీటికి దాదాపు 80. మట్టిలో నీరు చేరినకొద్దీ అంకె పెరుగుతుంది, తిరిగొచ్చే సంకేతమూ పెరుగుతుంది. 2022 ఫిబ్రవరిలో ఇస్రో పంపిన ఈఓఎస్-04 ఇలాంటి ఉపగ్రహమే. 2025 జులై 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన నిసార్ దీనికి పెద్దక్క. ఇస్రో, నాసా కలిసి చేశాయి. 747 కిలోమీటర్ల ఎత్తు, 12 మీటర్ల గొడుగులాంటి యాంటెన్నా, 12 రోజులకోసారి అదే చోటును చూసేలా రూపకల్పన. అందులో ఉన్న రెండు రాడార్లలో ఒకదాని తరంగం పొడవు 24 సెంటీమీటర్లు. తరంగం పొడుగైనకొద్దీ ఆకుల సందుల్లోంచి దూరి నేలదాకా వెళ్తుంది.

ఆ ఆదివారం బెజవాడలో...

2024 సెప్టెంబరు 1. ఆదివారం. విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతంలో జనం లేచేసరికి వీధుల్లో నీళ్లు. అంతకుముందు కుండపోత. బుడమేరు పొంగింది, గండ్లు పడ్డాయి. లక్షల మంది చిక్కుకుపోయారు. పాలప్యాకెట్ కోసం, మంచినీటి సీసా కోసం మేడలమీద నిలబడి ఎదురుచూశారు. మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణమ్మ 11.43 లక్షల క్యూసెక్కులతో పరవళ్లు తొక్కింది. 2009 అక్టోబరు వరదలో వచ్చిన 11.10 లక్షల క్యూసెక్కుల రికార్డు చెరిగిపోయింది. అదే సెప్టెంబరు 1న ఖమ్మంలో మున్నేరు ఇళ్లమీద పడింది. వెళ్తూవెళ్తూ చేలల్లో ఇసుక మేటలు వేసి పోయింది.

ఆ రోజుల్లో ఎన్‌ఆర్‌ఎస్‌సీ ఉపగ్రహ చిత్రాల నుంచి ముంపు పటాలు తయారుచేసి విడుదల చేసింది. ఎక్కడెక్కడ నీరుంది, ఎంతమేర తగ్గింది, ఎక్కడ ఇంకా నిలిచే ఉంది అన్నవి వాటిలో తెలుస్తాయి. వరద తీశాక ఇసుక మేటలు పడిన చేలనూ ఇలాగే కొలవొచ్చు. నష్టపరిహారం లెక్కలకి ఇది కీలకం. ఊరికి దూరంగా, ఏ అధికారీ వెళ్లలేని లంకలో రైతుకి జరిగిన నష్టం కూడా పటంలోకి ఎక్కుతుంది.

ఆ పటాలు చెప్పే ఇంకో మాటుంది. బుడమేరు సహజంగా పారేది కొల్లేరుకే. ‘బెజవాడ దుఃఖదాయని’ అన్న పేరు దానికి ఎప్పట్నుంచో ఉంది. నీరు తన పల్లాన్ని వెతుక్కుంటూ వచ్చింది. ఆ పల్లంలో ఇళ్లున్నాయి.

చౌడు గుట్టు

ఎండాకాలంలో చేలోకెళ్తే అక్కడక్కడా సున్నం చల్లినట్టు తెల్లగా ఉంటుంది. అదే చౌడు. ఒకప్పుడు బట్టలుతకడానికి చౌడు మట్టి వాడేవారు. పంటకి మాత్రం అది శత్రువు. మురుగు సరిగ్గా పోని డెల్టా పల్లాల్లో భూగర్భజలం పైపైనే ఉంటుంది. ఎండకి ఆ నీరు దీపం వత్తిలో నూనెలా పైకి పాకి ఆవిరవుతుంది. ఉప్పు నేలమీద మిగిలిపోతుంది.

తెల్లటి ఆ పొర కాంతిని బాగా వెనక్కి పంపుతుంది. కాబట్టి ఉపగ్రహానికి తేలిగ్గా దొరుకుతుంది. కాకపోతే సమయం చూసుకోవాలి. ఖరీఫ్‌లో నీరు పెట్టాక ఉప్పు కరిగిపోయి కనిపించదు. అందుకే వేసవి చిత్రాలనే తీసుకుంటారు. హరియాణాలోని కర్నాల్‌లో ఉన్న కేంద్ర మృత్తికా లవణీయత పరిశోధన సంస్థ, హైదరాబాద్‌లోని రిమోట్ సెన్సింగ్ సంస్థ తదితరాలు కలిసి ఇలాగే దేశం మొత్తానికి పటాలు గీశాయి. దేశంలో ఉప్పు, చౌడు నేలలు దాదాపు 67 లక్షల హెక్టార్లని తేల్చాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వాటా 2.74 లక్షల హెక్టార్లు.

ఇక్కడ ఉపగ్రహం ఒక మెట్టు దగ్గర ఆగిపోతుంది. పాలచౌడా, కారుచౌడా అన్నది మట్టి పరీక్షే చెప్పాలి. విద్యుత్ వాహకత మీటరుకి 4 డెసీసీమెన్లు దాటితే పాలచౌడు. మంచినీరు పెట్టి, మురుగు కాలువ తీసి ఉప్పును కడిగేస్తే నేల బాగుపడుతుంది. ఉదజని సూచిక 8.5 దాటి, సోడియం ఎక్కువగా ఉంటే కారుచౌడు. దానికి జిప్సం వేయాల్సిందే. ఒకదానికి చేసే వైద్యం ఇంకోదానికి పనికిరాదు. అంటే ఎక్కడ మట్టి తీయాలో చెప్పేది ఉపగ్రహం. ఏం చేయాలో చెప్పేది ప్రయోగశాల.

పాతాళంలో ఏముంది?

రాడార్ చూపు కూడా నేలలోకి కొద్ది సెంటీమీటర్లే. మరి వంద అడుగుల కింద నీరుందో లేదో ఎలా తెలుస్తుంది? నేరుగా తెలియదు. నేల రూపురేఖలు, రాతి పగుళ్లు, పాత పాయలు, పచ్చదనం... అన్నిటినీ కలిపి ఊహించాలి. రాజీవ్‌గాంధీ జాతీయ తాగునీటి మిషన్ కింద 1999 నుంచి ఇలాగే భూగర్భజల అవకాశాల పటాలు తయారుచేశారు. మొదటి విడతలో ఎంచుకున్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. ఏ ప్రాంతంలో బావి పనికొస్తుంది, ఎక్కడ బోరు మేలు, ఎక్కడ ఇంకుడు ఏర్పాట్లు చేయాలి అన్న వివరాలు వాటిలో ఉంటాయి.

ఇంకా లోతుకి చూడాలంటే మరో దారి హెలికాప్టర్. దాని కింద పెద్ద తీగచుట్టను వేలాడదీసి, విద్యుదయస్కాంత తరంగాలను నేలలోకి పంపుతారు. ఉప్పునీరు, బంకమన్ను విద్యుత్తును బాగా ప్రసరింపజేస్తాయి. మంచినీరున్న ఇసుక అంతగా ప్రసరింపజేయదు. ఆ తేడాతోనే లోపలి పొరలు తెలిసిపోతాయి. హైదరాబాద్‌లోని ఎన్‌జీఆర్‌ఐ శాస్త్రవేత్తలు ప్రయాగరాజ్ దగ్గర గంగా, యమునల మధ్య మైదానంలో ఈ పద్ధతిలో వెతికారు. నేల కింద పూడిపోయిన ఓ నది బయటపడింది. పొడవు 45 కిలోమీటర్లు, వెడల్పు 4 కిలోమీటర్ల పైమాటే! ఆ వివరాలు 2021లో ప్రచురితమయ్యాయి. పైకి కనపడని ఆ నది ఇసుక నిండా నీరు.

మన తీరంలో ఈ జ్ఞానం ఇంకో రూపంలో ఎప్పట్నుంచో ఉంది. బాపట్ల, చీరాల వైపు ఇసుక నేలల్లో రైతులు దొరువులు తవ్వి, కుండలతో తోడి పంటలకు పోసేవారు. వాననీరు తేలిక, ఉప్పునీరు బరువు. కాబట్టి ఇసుకలో మంచినీరు ఉప్పునీటి మీద మీగడలా తేలుతుంది. సముద్రమట్టం కన్నా ఒక అడుగు ఎత్తున మంచినీరు ఉంటే, దాని కింద 40 అడుగుల దాకా మంచినీరే ఉంటుందని స్థూలంగా ఓ లెక్క. ఆశకొద్దీ లోతుకి బోరు దించి గట్టిగా లాగితే కిందున్న ఉప్పు పైకి ఎగతన్నుతుంది. అందుకే బాపట్ల శాస్త్రవేత్తలు దొరువునే మెరుగుపరిచారు. బావి చుట్టూ ఇసుకలో చిల్లుల గొట్టాలు అడ్డంగా పరిచి, పైనున్న మీగడను మాత్రమే తీసే ఏర్పాటు అది. ఈ దొరువుకు తగిన ఇసుక దిబ్బ ఎక్కడుందో చెప్పడానికి ఉపగ్రహ చిత్రం చక్కగా సరిపోతుంది.

కంటికి కన్నే సాక్షి

ఉపగ్రహం పొరబడదా అంటే... పడుతుంది. ఎండిన ఇసుకా తెలుపే, చౌడూ తెలుపే. తడిమట్టీ నలుపే, నల్లరేగడీ నలుపే. గాలికి నీరు అలలు లేస్తే రాడార్‌కి నేలలా అనిపిస్తుంది. నాట్లకి నీరు పెట్టిన వరిచేను వరదలా కనిపిస్తుంది! అందుకే వరద రోజు చిత్రాన్ని మామూలు రోజు చిత్రం పక్కన పెట్టి చూస్తారు. ఎప్పుడూ ఉండే చెరువుల్ని, మడుల్ని తీసేసి, కొత్తగా చేరిన నీటినే లెక్కిస్తారు. పటం చేత్తో పట్టుకుని పొలాలకు వెళ్లి మట్టి తీస్తారు, బావుల్లో నీరు కొలుస్తారు. రైతుల్ని అడుగుతారు. ‘ఇక్కడ మా తాత రోజుల్లో కాలువుండేది’ అని ఓ పెద్దాయన చెప్పే మాట, పటంలోని అనుమానపు గీతకి ప్రాణం పోస్తుంది.

పటం బీరువాలో ఉంటే...

అసోంలో 1998 నుంచి వచ్చిన వరదలన్నిటి ఉపగ్రహ చిత్రాలనూ ఒకదానిమీద ఒకటి పేర్చి ఎన్‌ఆర్‌ఎస్‌సీ ముంపు ముప్పు అట్లాస్ తయారుచేసింది. రాష్ట్రంలో నాలుగోవంతుకు పైగా నేల ఎప్పుడో ఒకప్పుడు మునిగిందని తేలింది. ఏ చోట తరచుగా మునుగుతుంది, ఏ చోట అరుదుగా అన్నదీ అందులో ఉంది. అలాంటి పటం చూశాక ఆసుపత్రి ఎక్కడ కట్టాలి, బడి ఎక్కడ కట్టాలి అన్నది తేలిగ్గా నిర్ణయించొచ్చు. చూడకపోతే... వరద నిర్ణయిస్తుంది.

కొల్లేరు కథా అలాంటిదే. సరస్సును మింగేసిన చేపల చెరువులు ఉపగ్రహ చిత్రాల్లో గళ్ల దుప్పటిలా కనిపించాయి. 1999లో అయిదో కాంటూరు దాకా 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరుతో చెరువు గట్లు కొట్టేశారు. బుడమేరు, తమ్మిలేరు తెచ్చే నీటిని పట్టి ఉంచాల్సిన గిన్నె ఎంత ఇరుకైపోయిందో చెప్పడానికి అంతకన్నా పెద్ద సాక్ష్యం అక్కర్లేదు.

ఒకప్పుడు ఈ చిత్రాలు శాస్త్రవేత్తల బల్లలమీదే ఉండేవి. 2009లో ఇస్రో ‘భువన్’ వెబ్‌సైట్ మొదలుపెట్టాక ఎవరైనా తమ ఊరిని పైనుంచి చూసుకోవచ్చు. అమెరికా ల్యాండ్‌శాట్, ఐరోపా సెంటినెల్ చిత్రాలూ ఉచితమే. స్థలం కొనేముందు లింకు డాక్యుమెంట్లు చూస్తాం, వాస్తు చూస్తాం. ఆ స్థలంలో పాత వాగు ఉందా, వరదొస్తే నీరు నిలుస్తుందా అన్నది చూడం. ఇంజినీరింగ్ చదివే పిల్లలున్న ఇంట్లో ఇది ఓ సాయంత్రం పని.

రెండో రైతు సంగతికొస్తే... ఆయన పొలంలో తియ్యటి నీరు లేకపోవచ్చు. కానీ ముందే పటం చూసి ఉంటే, వేయించిన రెండు బోర్ల అప్పు తప్పేది. పక్కాయన పొలంలోని పాత పాయ తన చేను మూలకి తాకుతుందేమో తెలిసేది. లేదంటే ఉప్పును తట్టుకునే వరి రకానికి మారేవాడు. బోరు వేయించేముందు కొబ్బరికాయ కొట్టడం మన ఆనవాయితీ. కొట్టొచ్చు, తప్పులేదు. దాంతోపాటు మండల వ్యవసాయ కార్యాలయానికో, భూగర్భజల శాఖకో వెళ్లి ‘మా ఊరి పటం ఉందా?’ అని ఓ మాట అడగాలి. పదిమంది అడిగితే, అది బీరువాలోంచి బయటికొస్తుంది.